పొల్యేరా వదిలిన పిల్ల

తోరీబియా ముసలమ్మకు కళ్ళు పోయి చాలా కాలమైంది. అయినా వాకిట్లోకి ఎవరొచ్చారో ఆవిడకు ఒకరు చెప్పనక్కరలేదు. పొల్యేరాల చప్పుడే చెప్పేది. ఆ పావడాలకు నడుం చుట్టూ దట్టంగా కుచ్చిళ్ళు, కింద అడ్డంగా వరసకు వరస మడతలు, లోపల మూడో నాలుగో లోపావడాలు. అంత గుడ్డ వేసుకుని ఆడమనిషి నడుస్తుంటే పండిన బార్లీ చేలో గాలి దూరినట్టుంటుంది. ఎవరి గాలి వారిది. చిన్నకూతురు దామియానా బజారు నుంచి వస్తే సుడిగాలి. పక్కవాటా హుస్తీనాకు ఒక కాలు ఈడ్పు కనక ఒక విసురు, ఒక ఆగడం, మళ్ళీ ఒక విసురు. ముసలమ్మ గోడవార గొర్రెతోలు మీద ఎండకు కూర్చుని, కళ్ళు మూసుకునే, "హుస్తీనా, కొత్త లోపావడా కుట్టించావేం?" అనేది. కుట్టించిందనే అర్థం. ఆవిడ చెవి ఎన్నడూ తప్పలేదు.

ఒక్క ఫెర్మీనాను మాత్రం గుర్తుపట్టేది కాదు.

ఫెర్మీనా ఆవిడ పెద్దకూతురు. కింద లాపాస్ ఊళ్ళో ఆస్పత్రిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక రోజూ తీగ మీద వేలాడే తీగబండి ఎక్కి, సమాధుల తోట మీదుగా తేలుకుంటూ ఈ కొండవాడకు వచ్చేది తల్లిని చూసుకోవడానికి. మొగుడొకడు ఉండేవాడు, పోయాడు. మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు, ఆయన గురించి ఇక్కడ చెప్పుకోవడానికేం లేదు. ఫెర్మీనా ప్యాంటు వేస్తుంది, పైన ఊలు కోటు, కత్తిరించిన జుట్టు, కాళ్ళకు రబ్బరు అడుగుల బూట్లు. ఆ బూట్లు రాతిపలకల మీద మెత్తగా కిచకిచమనగానే ముసలమ్మ సర్దుకు కూర్చుని, శాలువా తొలగించి, చొక్కా చెయ్యి పైకి మడిచేది.

"రండి నర్సమ్మగారూ. ఇవాళ ఏ చెయ్యి?"

ఇంజెక్షన్లు ఏనాడో అయిపోయాయి. అయినా ఆ చెయ్యి అట్లా చాపుకునే ఉండేది, సన్నగా, ఎండిన కొమ్మలా. ఫెర్మీనా దాన్ని పట్టుకుని నాడి చూసినట్టు చూసి, చొక్కా చెయ్యి కిందికి దించేది. ఏం చేస్తుంది మరి?

"అమ్మా, నేను. ఫెర్మీనాని."

ముసలమ్మ మర్యాదగా నవ్వేది. "మీది భలే మంచి మనసండీ. ముసలిదాన్ని నవ్విద్దామని చూస్తారు. నా ఫెర్మీనా పెద్ద ఉద్యోగంలో ఉంది. ఇట్లాంటి చోటికి వస్తుందా అండీ?"

కన్నతల్లి "అండీ" అంటుంటే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆస్పత్రిలో ఎందరు చావులు చూసింది, ఎందరిని ఓదార్చింది ఆ మనిషి. ఇక్కడ మాత్రం నీళ్ళ పంపు దగ్గరికి పోయి, గిన్నెలు కడుగుతున్నట్టు నటిస్తూ ఏడ్చేది. ఆవిడకు ఇప్పుడు కావలసింది ఒక్కటే. అమ్మ పోయేలోపు ఒక్కసారి నలుగురిలో తనను పేరు పెట్టి పిలవాలి. వాకిట్లో గోడమీది పిల్లికి కూడా పేరు పెట్టి పిలుస్తుందే ముసలమ్మ, తానేం పాపం చేసింది? ఈ చివరి ప్రశ్న మాత్రం ఫెర్మీనా పైకి అనేది కాదు. జవాబు తెలుసు కనక.

"మతి తప్పిందక్కా," అనేది దామియానా. "నిన్న నన్ను పట్టుకుని మంచులో ఎండేసిన చూన్యో దుంపలు తొక్కడానికి రమ్మంది. ఎప్పటి చూన్యో, ఎక్కడి పొలం. అమ్మ బుర్ర ఇప్పుడు మన పాత ఊళ్ళో సరస్సు ఒడ్డున తిరుగుతోంది. అక్కడ నువ్వింకా పొల్యేరాలో ఉన్నావు. ప్యాంటేసుకుని వస్తే ఎట్లా గుర్తుపడుతుంది?"

ఆ మాట ఫెర్మీనా మనసులో పడింది.

పొల్యేరా అంటే మా దగ్గర వట్టి బట్ట అనుకునేరు. ఆడపిల్ల ఏం కట్టిందని ఎవరూ అడగరు, ఏమిటని అడుగుతారు. ఆమె పొల్యేరా, ఈమె గౌను, అంతే. అందులో ఊరు, బాస, అమ్మమ్మ, బస్సులో ఎవరు పక్కకు జరగాలి, ఆఫీసులో ఎవరు ముందు లోపలికి వెళ్ళాలి, అన్నీ వచ్చేశాయి. ఇప్పుడంటే రోజులు మారాయి, పొల్యేరా కట్టుకుని పెద్ద కుర్చీల్లో కూర్చుంటున్నారు మన ఆడవాళ్ళు, సంతోషం. ఒకప్పుడు ఆ మాటే తిట్టు. తల్లిని వదలని మగపిల్లవాణ్ణి పొల్యేరా కొడుకు అని ఏడిపించేవారు. గౌను వేసుకున్న పిల్లను "వదిలేసిందట" అనేవారు. ఏం వదిలిందో చెప్పనక్కరలేదు. మళ్ళీ కట్టుకోవడమన్నది మాత్రం లేదు. పండగలో ఆడడానికి అద్దెకు తెచ్చుకుని, తెల్లారి తిరిగిచ్చేసే షోకు మనుషులను చూస్తే దామియానా లాంటివాళ్ళకు ఒళ్ళు మంట. జడలు సొంతమా కాదా అని లాగి చూసేంత మంట.

అటువంటి దామియానాయే అక్కకు తన పొల్యేరా ఇస్తానంది. అక్క ఏడుపు చూడలేక.

గదిలో తలుపేసుకుని ఇద్దరూ తంటాలు పడ్డారు. లోపావడాలు ఒకదాని మీద ఒకటి, ఆ పైన చిలకాకుపచ్చ పొల్యేరా, నడుం దగ్గర తాడు బిగించి కట్టడానికి దామియానా మోకాలు అక్క వీపుకు ఆనించి లాగింది. కత్తిరించిన జుట్టుకు బజారులో కొన్న సవరం జడలు రెండు పిన్నులతో బిగించి, వాటి చివర నల్లటి జడకుచ్చులు కట్టింది. తలమీద గుండ్రటి టోపీ.

"నడువు," అంది.

ఫెర్మీనా నడిచింది.

"అబ్బ, ఆ నడకేమిటక్కా? మందుల ట్రే మోస్తున్నట్టు. నడుం వదులు. నువ్వు తిప్పనక్కరలేదు, అదే తిరుగుతుంది. దాని దారిన దాన్ని పోనియ్యి."

"బరువుగా ఉందే."

"బరువుగా ఉండక? నీ ప్యాంటేమో గుర్రానికి తొడుగులాగా ఉంటుంది. ఇది ఇల్లు. ఇల్లు మోసుకు తిరుగుతున్నావు."

నవ్వుకున్నారు ఇద్దరూ. చిన్నప్పుడు నవ్వుకున్నట్టే, చప్పుడు బయటికి పోకుండా. ఆ బట్టల మధ్య ఫెర్మీనాకు ఏదో పాత వెచ్చదనం తగిలింది. కిటికీలోంచి వాలిన ఎండ ఆకుపచ్చ మడతల మీద పారుతుంటే, తానిక్కడే ఉండిపోయిన ఇంకో ఫెర్మీనాలా అనిపించింది. గౌను వేయని ఫెర్మీనా. బజారులో కూర్చుని ఉల్లిపాయలమ్మి, నలుగుర్ని కని, అరిచి, ఆడి, లావెక్కిన ఫెర్మీనా. ఆ మనిషెవరో వాకిట్లోకి నడుస్తున్నట్టు నడిచింది.

వాకిట్లో హుస్తీనా బట్టలు ఉతుకుతోంది. ఆమె మనవలు బంతాడుతున్నారు. ముసలమ్మ తల ఎత్తింది. చెవి ఇటు తిప్పి వింది. చాలాసేపు వింది.

"దామియానా పొల్యేరా ఇది," అంది. "లోపల మనిషెవరు?"

హుస్తీనా చేతిలో గుడ్డ ఆపి చూసింది.

"అమ్మా," అంది ఫెర్మీనా.

ముసలమ్మ మొహంలో ఏదో కదిలింది, కదిలి సర్దుకుంది. తర్వాత గట్టిగా, అందరికీ వినబడేలా, "ఓహో, నర్సమ్మగారా! పండగలో ఆడతారా ఏం? అద్దెకు తెచ్చుకున్నారు కామోసు. కుచ్చిళ్ళు ముందుకొచ్చాయండీ, వెనక్కి తిప్పుకోండి," అంది. ఆ తర్వాత మామూలే. చొక్కా చెయ్యి మడిచి చాపింది.

ఫెర్మీనా గదిలోకి పోయి ఆ బట్టలన్నీ విప్పేసింది. విప్పుతుంటే ఒక సవరం జడ ఊడి కింద పడింది. రెండోది ఊడలేదు. అది అట్లా వేలాడుతుండగానే మంచం మీద కూలబడి ఏడుస్తుంటే, దామియానాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కన కూర్చుని పిన్నులు తీసింది.

"తప్పు నాదేనే," అంది ఫెర్మీనా. "ఆ రోజు విప్పకుండా ఉండాల్సింది."

ఆ రోజు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. నేను చెబుతాను.

ఫెర్మీనాకు అప్పుడు పదిహేనేళ్ళుంటాయేమో. సరస్సు ఒడ్డు నుంచి ఊరికొచ్చి కొన్నాళ్ళే అయింది. చదువంటే ప్రాణం. నర్సుల శిక్షణ బడి ఒకటుండేది కింద, హాస్టలుతో సహా. తల్లీకూతుళ్ళిద్దరూ ఉతికిన పొల్యేరాలు కట్టుకుని, జడలకు నూనె రాసుకుని గేటు ముందు నిలబడ్డారు. పెద్ద టీచరమ్మ బయటికొచ్చి వీళ్ళను పైనుంచి కిందికి చూసింది.

"పొల్యేరాలు లోపలికి రావు. ఆ మాటకు అర్థం తెలుసా మీకు? పూర్వం కోడిపిల్లల్ని మూసిపెట్టే గంపను అట్లా అనేవాళ్ళు. ఇది బడి. గంపలు బయట పెట్టి రండి," అని గేటు వేసేసింది.

పిల్ల కుమిలిపోయింది. తోరీబియా మాత్రం వీధి మెట్ల మీద కూలబడి పకపకా నవ్వింది. "నిజమేగా. గంపే. అబద్ధమేముంది అందులో? నువ్వూ దామియానా దీని కిందే పెరిగారు. వానొస్తే దీని కిందే, కుక్కొస్తే దీని కిందే. మీ నాన్న తాగొస్తే కూడా దీని కిందే దాక్కునేవాళ్ళు." నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, అప్పుడంది. "విప్పు."

పాతబట్టల గుట్టలో ఒక బూడిదరంగు గౌను కొంది. తన శాలువా తెర పట్టి ఆ వీధిలోనే పిల్ల చేత పొల్యేరా విప్పించింది. జడలు కత్తిరించమని మంగలిని కూడా తనే అడిగింది. పిల్ల ఏడుస్తుంటే భుజాలు పట్టుకుని కుదిపి, "విను. నువ్వు పట్నం పిల్లవు. పొల్యేరా కూతురని తెలిస్తే బయటికి తోలేస్తారు. నన్ను చూస్తే అమ్మా అని అరిచేవు, చంపేస్తాను. నేను గుడ్లమ్మే మనిషిని, అంతే," అంది.

అంతే అయింది. శనివారం శనివారం వెనక గేటు దగ్గరికి గుడ్ల బుట్టతో వచ్చేది. వంటామె ఉంటే, టీచర్లుంటే, తోటి పిల్లలుంటే, "గుడ్లు కావాలా చిన్నమ్మగారూ?" అని వంగి అడిగేది. ఫెర్మీనా లెక్కపెట్టి తీసుకునేది. గేటు దగ్గర జనం పలచబడ్డాక తోరీబియా గొంతు తగ్గించి, "ఎవరైనా ఉన్నారా?" అనేది. ఎవరూ లేరంటే, లోపావడాల మధ్య ఎక్కడో ఉన్న జేబులోంచి వేయించిన బీన్సు గింజలు తీసి పిల్ల గుప్పిట్లో కుక్కేది. అప్పటిదాకా ఒంటికి తగిలి ఉన్నవేమో, వెచ్చగా ఉండేవి. "ఫెర్మీనా, తిన్నావా?" అనేది.

చదువైపోయింది. ఉద్యోగమొచ్చింది. అయినా ఆ గుడ్లమ్మే మనిషి గుడ్లమ్మే మనిషిగానే ఉండిపోయింది. పెళ్ళికి వచ్చి వంటింట్లో బుట్ట పక్కన కూర్చుని, కూతురి పెళ్ళి తలుపు సందులోంచి చూసి పోయింది. ఆస్పత్రిలో అందరూ ఫెర్మీనాకు తల్లి లేదనుకునేవారు. ఆవిడ ఎప్పుడూ లేదని చెప్పలేదు, ఉందనీ చెప్పలేదు. మొదట్లో తల్లి మాట విన్నది, సరే. తర్వాత తర్వాత? ఏళ్ళు గడిచిన కొద్దీ ఇప్పుడు చెబితే ఏమనుకుంటారోనన్న భయం. అదీ పోయాక వట్టి అలవాటు. ఫెర్మీనాను నేను వెనకేసుకు రాను. తనను ఆవిడే వెనకేసుకు రాదు.

సరే, ఈ సవరం జడల బాగోతం జరిగాక ఆవిడ ఆశ వదిలేసుకుంది. నర్సమ్మగారైతే నర్సమ్మగారే. వచ్చి, స్నానం చేయించి, గోళ్ళు తీసి, తినిపించి, సాయంత్రం తీగబండి ఎక్కి పోయేది. కొండల మీద మంచు ఎర్రబడుతుంటే ఆ గాజుపెట్టెలో కూర్చుని, కింద దీపాలు ఒక్కొక్కటే వెలగడం చూస్తూ, ఎవరి పిల్లా కానట్టు అనిపించేది ఆవిడకు. అరవై దాటిన మనిషికి ఈ బెంగేమిటని తననే తిట్టుకునేది.

ఇంతలో పెద్ద పండగ వచ్చింది. దామియానా తన జట్టుతో ఆడడానికి పొద్దున్నే వెళ్ళింది. బంగారు రంగు పొల్యేరా, ముత్యాల సూది గుచ్చిన శాలువా, తలుపులో పట్టకుండా పక్కకు తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. చూడడానికి హుస్తీనా వెళ్ళింది, మనవలు వెళ్ళారు, అద్దెకున్న టైలరు కూడా తలుపుకు తాళమేసి వెళ్ళాడు. వాకిలంతా ఖాళీ. ఎండ ఒక్కటే మిగిలింది, అదీ పలచటి చలికాలపు ఎండ. కింద ఎక్కడో బ్యాండు మోగుతుంటే, ఆ మోత గాలి వాటం మారినప్పుడల్లా దగ్గరికొచ్చి, మళ్ళీ ఇంకెవరి కలలోకో పోయినట్టు పోయేది.

ఫెర్మీనా ఊదారంగు మొక్కజొన్న జావ కాచి, వేడివేడిగా గ్లాసులో పోసి తల్లి చేతికిచ్చింది. ముసలమ్మ తాగుతూ తాగుతూ ఆగింది.

"నర్సమ్మగారూ, హుస్తీనా చప్పుడు లేదేం?"

"పండక్కి వెళ్ళిందండీ." ఫెర్మీనా కూడా అండీ అనడం నేర్చుకుంది ఈ మధ్య.

"పిల్లలు?"

"వాళ్ళూ వెళ్ళారు."

"టైలరు మిషను?"

"తాళం."

"కుక్క?"

"అదీ వాళ్ళ వెనకాలే పోయింది."

ముసలమ్మ గ్లాసు పక్కన పెట్టింది. వీధి తలుపు వైపు మొహం తిప్పింది. కళ్ళున్నవాళ్ళు చూసినట్టే చూసింది, అటూ ఇటూ, గోడ మీదా, మిద్దె మీదా. బ్యాండు మోత ఒకసారి వచ్చి పోయింది. అప్పుడు గొంతు తగ్గించి, "ఎవరైనా ఉన్నారా?" అంది.

ఆ గొంతు ఫెర్మీనా ఎప్పటి నుంచో వినలేదు.

"ఎవరూ లేరు," అంది.

ముసలమ్మ చెయ్యి చాపింది. ఈసారి ఇంజెక్షనుకు కాదు. తడుముకుంటూ వచ్చి కూతురి చెంప పట్టుకుంది.

"ఫెర్మీనా, తిన్నావా?"

ఫెర్మీనా తల ఊపింది. ఊపింది ఆ అరచేతికి తెలిసిందో లేదోనని, "తిన్నానమ్మా" అంది. అని, ఇక ఆపుకోలేక, "నీకు తెలుసా? ఇన్నాళ్ళూ తెలుసా?" అంది.

"తెలియకపోవడమేమిటే. నీ అడుగు నాకు తెలియదూ? ఎడమకాలు ముందేస్తావు, కుడికాలు ఆలోచించి వేస్తావు. ఏ బూట్లేస్తే ఏం?"

"మరి ఎందుకమ్మా ఇట్లా చేశావు? నేను ఎంత ఏడ్చానో తెలుసా?"

"ఏడిస్తే ఏడ్చావులే. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారాయె. హుస్తీనా నోరు నీకు తెలియదా? బజారంతా చాటింపు వేస్తుంది. ఎవరి చెవినో పడి, వాళ్ళు పోయి ఆస్పత్రిలో చెబితే? పొల్యేరా కూతురని తెలిస్తే ఉంచుతారటే నిన్ను?" ముసలమ్మ ఇంకా గొంతు తగ్గించింది. "ఆ రోజు నువ్వేకంగా దామియానా పొల్యేరా కట్టుకుని వాకిట్లోకి వచ్చేశావు. హుస్తీనా ఎదురుగా. నా గుండె ఆగినంత పనైంది. ఏదో అద్దె, పండగ అని సర్దేశాను గనక సరిపోయింది. అంత చదువుకున్నావు, ఆ మాత్రం బుద్ధి లేదేమే?"

ఫెర్మీనా తల్లి చేతిని రెండు చేతుల్తో పట్టుకుంది. సవరం జడల రోజు తల్లి మొహంలో కదిలిందేమిటో ఇప్పుడు తెలిసింది. అది భయం.

"అమ్మా, నా ఉద్యోగం అయిపోయింది. రిటైరయ్యాను."

"తీసేశారా?" అంది ముసలమ్మ.

"తీసేయలేదమ్మా. వయసైపోతే ఇంటికి పంపుతారు. పూలదండ వేసి పంపారు."

"తీసేసినవాళ్ళు కూడా అట్లానే చెబుతారు. వదిలెయ్, ఇప్పుడా మాటలెందుకు. ఇలా రా, జుట్టేదీ చూడనీ." తల మీద చెయ్యి పెట్టి వేళ్ళతో వెతికింది. "అయ్యో, ఇంతేనా మిగిలింది. నూనె రాస్తున్నావా?"

ఆ మధ్యాహ్నమంతా అట్లా గడిచింది. ముసలమ్మ మాటలకు ముందూ వెనకా లేదు. సరస్సు మీది రెల్లు పడవ గురించి చెబుతూ చెబుతూ ఫెర్మీనా మొగుడి దగ్గుకు మందేమిటని అడిగింది, పోయినవాడని మరిచిపోయి. గుడ్లబుట్టలో గడ్డి మార్చాలంది. ఫెర్మీనా అన్నిటికీ ఊ కొట్టింది. దగ్గుకు తేనె ఇచ్చానంది. గడ్డి మార్చానంది. ఎండ గోడ మీద మెల్లగా పైకి ఎక్కిపోతుంటే, ఇద్దరూ ఆ వెలుగుతో పాటు ఎక్కడికో తేలిపోయినట్టున్నారు. మధ్యమధ్య ముసలమ్మ ఊరికే, ఏ పనీ లేకుండానే, "ఫెర్మీనా" అనేది. "ఆఁ అమ్మా" అనేది ఈవిడ. అంతకన్నా ఏముంది కావలసింది. అడిగింది దొరికినట్టే కదా అనుకుంది. నలుగురిలో కాకపోతేనేం.

సాయంత్రం వీధిలో అడుగులు వినబడ్డాయి. కుక్క ముందొచ్చింది. దాని వెనక పిల్లలు, టైలరు, కాలీడుస్తూ హుస్తీనా, బంగారు పొల్యేరా గలగలమంటూ అలిసిపోయిన దామియానా.

ముసలమ్మ చెయ్యి కూతురి తల మీది నుంచి చప్పున జారిపోయింది. నిటారుగా కూర్చుంది. చొక్కా చెయ్యి మడిచింది. గట్టిగా, వాకిలంతా వినబడేలా, "ఏ చెయ్యి నర్సమ్మగారూ?" అంది.

ఎనభై దాటిన ప్రాణం, ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉంది, కూతురిని ఎవరైనా బయటికి తోలేస్తారేమోనని కాపలా కాస్తూ. ఫెర్మీనాకు ఇక భరించే శక్తి లేకపోయింది. తన కోసం కాదు. ఈవిడ ఈ భయంతోనే పోతుందా అనిపించింది. రాతిపలకల మీద మోకాళ్ళూని, ఆ చొక్కా చెయ్యి దించి, బొత్తాం పెట్టింది.

"అమ్మా, చెయ్యి దించు. ఇంజెక్షను లేదు. ఆస్పత్రి లేదు. నేను నీ పెద్దకూతుర్ని."

ముసలమ్మ శాలువా చాటు నుంచి కూతురి తొడ మీద గట్టిగా గిల్లింది. "ఊరుకోండి నర్సమ్మగారూ," అంది పళ్ళ సందులోంచి. "వింటున్నారు."

దామియానా ఉన్నచోటే ఆగిపోయింది. నర్సమ్మను గిల్లేవాళ్ళు ఉండరని ఆమెకు ఒక్క క్షణంలో అర్థమై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

హుస్తీనా మాత్రం కాలీడ్చుకుంటూ వచ్చి, పంపు గట్టు మీద కూర్చుని, బూటు విప్పి అరికాలు నొక్కుకుంది. "గిల్లకు తోరీబియక్కా, పాపం. అది ఫెర్మీనా అని మాకు తెలియదా ఏం?"

ముసలమ్మ కదల్లేదు. "ఏ ఫెర్మీనా?" అంది.

"నీ ఫెర్మీనాయే. గుడ్లమ్మే మనిషివట గుడ్లమ్మే మనిషివి. నీకెప్పుడైనా ఒక్క కోడైనా ఉందా? శనివారం పొద్దున్నే నా దగ్గరేగా కొనుక్కుపోయేదానివి. బస్సులో పగలగొట్టుకుని, సాయంత్రం అమ్ముడుపోలేదని చెప్పి ఆ మిగిలినవి మాకే తినిపించేదానివి. కింద గేటు దగ్గర నువ్వు వంగి చిన్నమ్మగారూ అనడం ఈ వాడలో చూడనిదెవరు? కూరలు అమ్మడానికి మేమంతా అదే వీధిలో తిరిగేవాళ్ళం కదా."

ముసలమ్మ పెదాలు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కదిలాయి.

"చూశారా మీరంతా?" అంది చివరికి.

"చూశాం."

"మరి ఎవరికీ చెప్పలేదా? ఇన్నేళ్ళూ?"

"ఎవరికి చెబుతాం?" హుస్తీనా రెండో బూటు కూడా విప్పింది. "మన పిల్ల కదా."

ఫెర్మీనా తల వంచుకుంది. ఇన్నేళ్ళూ ఆస్పత్రి వరండాల్లో కూరల గంపలతో, కట్టుకట్టిన చేతులతో, కడుపునొప్పులతో ఈ వాడ ఆడవాళ్ళు తన ముందు నిలబడేవారు. ఎవరూ పలకరించేవారు కాదు. తనను గుర్తుపట్టలేదనుకునేది, ఊపిరి పీల్చుకునేది. "నర్సమ్మగారూ, ఎటు వెళ్ళాలి?" అని అడిగి, చూపించిన వైపు పోయేవారు. అందరికీ తెలుసన్నమాట. సిగ్గుతో ఆవిడ ప్రాణం చచ్చిపోయింది. కానీ ఆ సిగ్గు కింద, అంత పెద్ద దుఃఖం కింద, ఇంకేదో వెచ్చగా కదిలింది.

"అది ఉద్యోగం చేసింది, అయిపోయింది, ఇంటికొచ్చేసింది," అంది హుస్తీనా. "ఇంక ఎవడూ తోలెయ్యలేడు. నువ్వు కూడా ఇంటికి రా అక్కా."

"నిజమేనటే దామియానా?" అంది ముసలమ్మ.

"నిజమేనమ్మా," అంది దామియానా.

ముసలమ్మ దీర్ఘంగా ఊపిరి వదిలింది. భుజాలు రెండూ కిందికి దిగాయి. పక్కకు తడిమి, కూతురి మోకాలు ఎక్కడుందో చూసింది. ఉత్త రాయి మీద.

"ఫెర్మీనా," అంది. గొంతు తగ్గించలేదు. వీధిలోకి కూడా వినబడేలా అంది. "ఆ చలి రాతి మీద మోకాళ్ళేమిటే, మొద్దు మొహమా? ఇలా రా."

తన కింద నుంచి పొల్యేరా అంచు కొంచెం కొంచెంగా లాగి, మడతలు విప్పి, రాతిపలకల మీద చేత్తో సాపు చేసి పరిచింది. అంత గుడ్డ ఉంటుందని ఎవరూ అనుకోరు, అట్లా వస్తూనే ఉంది. ఫెర్మీనా ప్యాంటుతోనే, బూట్లతోనే, దాని మీద కూర్చుంది.